చదివిన షేక్‌స్పియర్, చూచిన షేక్‌స్పియర్

మన కళాశాలలలో ఆంగ్ల సాహిత్యం చదివే విద్యార్థికి షేక్‌స్పియర్‌తో పరిచయం సాధారణంగా ఒకే తీరున కలుగుతుంది. పాఠ్యగ్రంథంలో ఒక పుట మీద నాటకం, ఎదుటి పుట మీద దానికి వ్యాఖ్య. అధ్యాపకులు ఒక పంక్తి చదివి, అన్వయించి, అర్థం చెప్పి, ఇది పరీక్షకు ముఖ్యమని హెచ్చరిస్తారు. విద్యార్థి ఆ పంక్తి క్రింద పెన్సిలుతో గీత గీస్తాడు. సంవత్సరాంతాన పాత్రచిత్రణను గురించి ఒక ప్రశ్న, సందర్భసహిత వ్యాఖ్యకు ఒక ప్రశ్న. ఉత్తీర్ణుడైన పిమ్మట ఆ గ్రంథం క్రింది తరగతివారికి సగం ధరకు చేరుతుంది. మహాకవితో మన స్నేహం అంతటితో సమాప్తం.

ఈ పద్ధతిని నిందించుట నా ఉద్దేశం కాదు. నేనూ అట్లే చదివినవాడిని; ఆ మాత్రం చదువైనా అబ్బినందుకు నా గురువులకు ఋణపడి ఉన్నవాడిని. ఐతే మన ఆలంకారికులు కావ్యాన్ని శ్రవ్యమని, దృశ్యమని రెండు తెగలుగా విభజించి, నాటకాన్ని రెండవ తెగలో చేర్చినారు. చూడవలసినదానిని చదివి మాత్రమే విడిచిపెట్టుట, పాకశాస్త్ర గ్రంథం చదివి భోజనమైనదనుకొనుట వంటిది. షేక్‌స్పియర్ నాటకాన్ని రంగస్థలం మీద చూచినవారు ఏమి చూచినారు? పుస్తకంలో దొరకనిది వారికి అక్కడ ఏమి దొరికినది? నాలుగు వందల సంవత్సరాలుగా ప్రేక్షకులు మిగిల్చిపోయిన సాక్ష్యాల ఆధారంగా ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటయే ఈ వ్యాసం లక్ష్యం.

ఆడుటకు వ్రాసినవి

షేక్‌స్పియర్ కవి మాత్రమే కాదు. నటుడు, నాటక సమాజంలో భాగస్వామి. తన నాటకాలను గ్రంథాలుగా అచ్చు వేయించుటలో ఆయన ప్రత్యేక శ్రద్ధ వహించినట్లు కనిపించదు. ఆయన 1616లో మరణించినాడు. ఆ తరువాత ఏడేండ్లకు, 1623లో, ఆయన తోడి నటులైన జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్ అనే ఇరువురు 36 నాటకాలను ఒక పెద్ద సంపుటంగా వెలువరించినారు. వానిలో 18 నాటకాలు అంతకు ముందు అచ్చు మొగం చూచినవి కావు. మాక్‌బెత్, జూలియస్ సీజర్, ట్వెల్ఫ్‌త్ నైట్, టెంపెస్ట్ ఆ పదునెనిమిదింటిలోనివే. నటులు పూనుకొనకపోయినచో ఈ నాటకాలు మనకు దక్కి ఉండేవని చెప్పలేము. అనగా మనం నేడు పాఠ్యగ్రంథంగా భావించే వస్తువు మొదట ఒక నాటక సమాజం చేతిలోని ఆట ప్రతి.

ఆ ఆట ఎట్లుండేది? 1599లో లండనులో థేమ్స్ నదికి దక్షిణపు గట్టున గ్లోబ్ అనే రంగశాల వెలిసినది. చుట్టూ గడ్డి కప్పిన వసారాలు, నడుమ ఆకాశమే కప్పు. ఒక పెన్నీ చెల్లించినవాడు వేదిక ముందర నేల మీద నిలువబడి చూడవచ్చును. ప్రదర్శనలు మధ్యాహ్నపు వెలుతురులో జరిగేవి. చిత్రించిన తెరలు లేవు, విద్యుద్దీపాలు లేవు. నటుడు చేత దివిటీ పట్టుకొని వచ్చినచో రాత్రి అయినదని ప్రేక్షకులే గ్రహించేవారు. స్త్రీ పాత్రలను బాలురు ధరించేవారు. సత్యభామగా స్థానం నరసింహారావుగారిని గురించి పెద్దలు చెప్పగా విన్న మనకు ఈ విషయం వింతగా తోచదు.

ఈ కొత్త రంగశాల తెరచిన సంవత్సరమే, 1599 సెప్టెంబరు 21న, స్విట్జర్లాండులోని బాసెల్ నగరం నుండి వచ్చిన థామస్ ప్లాటర్ అనే యువకుడు భోజనానంతరం నది దాటి, గడ్డికప్పు గల ఒక ఇంట జూలియస్ సీజర్ విషాద నాటకం చూచినట్లు తన యాత్రాకథనంలో వ్రాసుకొన్నాడు. పాత్రధారులు సుమారు పదునైదుగురట. నాటకం ముగిసిన పిమ్మట నటులలో ఇరువురు పురుష వేషాలలోను, ఇరువురు స్త్రీ వేషాలలోను ఎంతో చక్కగా నృత్యం చేసినారట. సీజరు హత్య, బ్రూటసు ఆత్మహత్య కన్నులారా చూచిన పిదప నృత్యమేమిటని పుస్తకం మాత్రమే చదివినవాడు ఆశ్చర్యపోతాడు. ప్రేక్షకుని శోకంతోనే ఇంటికి పంపరాదన్న రంగస్థల మర్యాద ఏ గ్రంథంలోను అచ్చు కాలేదు. చూచిన పరదేశి వ్రాసిపెట్టినందువలన అది మనకు తెలియవచ్చినది.

ఆ గ్లోబ్ కథ కూడ విచిత్రమైనదే. 1613 జూన్ 29న ఎనిమిదవ హెన్రీ నాటకం ఆడుచుండగా, రాజుగారి రాకకు గుర్తుగా ఫిరంగి కాల్చినారు. నిప్పు గడ్డికప్పుకు అంటుకొని రంగశాల యావత్తు భస్మమైనది. ప్రాణనష్టం కలుగలేదు. ఒకని లాగుకు నిప్పంటుకొనగా, సీసాలోని బీరు కుమ్మరించి దానిని ఆర్పినారని నాటి లేఖ ఒకటి తెలుపుతున్నది. మరుసటి సంవత్సరమే దానిని తిరిగి నిర్మించినారు. 1642లో పార్లమెంటు ఆజ్ఞతో రంగశాలలన్నీ మూతపడినవి. శామ్ వానమేకర్ అనే అమెరికను నటుడు జీవితకాలం శ్రమించిన ఫలితంగా, ఆ స్థలానికి సమీపంలోనే పాత పద్ధతిలో నిర్మించిన గ్లోబ్ 1997లో తెరుచుకొన్నది. దానిని చూచుటకు ఆయన మిగిలి లేడు, 1993లోనే మరణించినాడు.

చూపులో నిలిచిన రెండు ఘట్టాలు

గ్లోబులో నాటకాలు చూచి, తాను చూచినది వ్రాసిపెట్టిన వారిలో సైమన్ ఫోర్మన్ ఒకడు. అతడు వైద్యుడు, జ్యోతిష్కుడు. 1611 ప్రాంతంలో మాక్‌బెత్ చూచినాడు. అతనికి గుర్తున్నదేమి? మనం పరీక్షకు కంఠస్థం చేసే స్వగతాలలో ఒక్కటి కూడ కాదు. విందులో మాక్‌బెత్, రాకుండిన బాంకోను తలచుకొని పానపాత్ర ఎత్తుటకు లేచినాడు. ఇంతలో బాంకో ప్రేతం వచ్చి అతని వెనుక అతని ఆసనంలోనే కూర్చున్నది. మాక్‌బెత్ మరల కూర్చొనబోయి వెనుదిరిగి దానిని చూచినాడు. ఫోర్మన్ ఈ కదలికలను వరుసగా లెక్కించి వ్రాసినాడు. గ్రంథంలో ఇది ప్రేతం ప్రవేశించి కూర్చొనునన్న చిన్న సూచన మాత్రమే. రంగస్థలం మీద హంతకునికి కూర్చొనుటకు చోటు లేకపోవుట అనే సత్యం కంటికి కట్టినది. సింహాసనం కొరకు హత్య చేసినవానికి తన విందులో తన ఆసనమే దక్కలేదు.

రెండవ ఘట్టం కూడ మాక్‌బెత్ లోనిదే. సారా సిడన్స్ అనే మహానటి చాలా చిన్న వయస్సులో ఒక రాత్రి ఒంటరిగా కూర్చొని మాక్‌బెత్ భార్య పాత్రను వల్లె వేయుచుండగా, హత్య జరిగే ఘట్టానికి వచ్చేసరికి భయం ముంచుకొని వచ్చి, కొవ్వొత్తి తీసికొని మేడ మీదికి పరుగెత్తినదట. తాను కట్టుకొన్న పట్టుబట్టల గరగర శబ్దమే దయ్యం వెంట వచ్చినట్లు తోచినదని ఆమెయే తరువాత చెప్పుకొన్నది. 1785 ఫిబ్రవరిలో లండనులో ఆ పాత్రను ధరించునప్పటికి ఆమె ఒక నిశ్చయానికి వచ్చినది. నిద్రలో నడిచే ఘట్టంలో అంతవరకు నటీమణులు కొవ్వొత్తిని చేత పట్టుకొనియే ఉండేవారు. సిడన్స్ దానిని క్రింద పెట్టి, రెండు చేతులతో కనిపించని నెత్తురు కడుగుకొనుట అభినయించదలచినది. రంగశాల యజమాని షెరిడన్ వద్దని వారించినాడు. సంప్రదాయం మార్చినచో జనం సహించరన్నాడు. ఆమె వినలేదు. ప్రదర్శన ముగిసిన పిదప ఆ షెరిడనే వచ్చి ఆమె పట్టుదలను అభినందించినాడు. కొవ్వొత్తి క్రింద పెట్టుట ఎంత చిన్న పని! చేతులు రెండూ ఖాళీ అయినప్పుడు గాని ఆ చేతుల మీది మరక ప్రేక్షకునికి కనిపించదని గ్రహించుటకు ఒక నటి కావలసి వచ్చినది.

ఐతే చూచిన ప్రతి ప్రదర్శనయు మహాద్భుతంగా ఉండునని భ్రమపడరాదు. శామ్యూల్ పెపిస్ అనే ఆంగ్ల ఉద్యోగి తన దినచర్యలో ఎన్నో నాటకాలను గురించి వ్రాసుకొన్నాడు. 1661లో బెటర్టన్ అనే నటుని హామ్లెట్ చూచి ఊహకు అందనంత గొప్పగా ఉన్నదని పొంగిపోయిన ఆయనయే, 1662 సెప్టెంబరులో ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ చూచి, ఇంత చప్పని, హాస్యాస్పదమైన నాటకం తన జన్మలో చూడలేదని, మరల చూడబోనని వ్రాసినాడు. కవి ఒక్కడే, ప్రేక్షకుడు ఒక్కడే. నాటకం పుటలలో సగమే ఉన్నది. తక్కిన సగం ఆ పూట నటులు పూరించవలసినది; పూరించలేనినాడు మహాకవి కూడ చప్పబడిపోతాడు.

ఒక పాత్ర, మూడు నగరాలు

రంగస్థలం మీద మాత్రమే కనిపించే సత్యానికి ఒథెల్లో కంటె బలమైన ఉదాహరణ లేదు. పుస్తకంలో ఒథెల్లో నల్లనివాడన్నది ఒక విశేషణం. వేదిక మీద అది ఒక మనిషి దేహం.

1833 మార్చి 25న లండనులోని కోవెంట్ గార్డెన్ రంగశాలలో ఎడ్మండ్ కీన్ ఒథెల్లోగా, అతని కుమారుడు చార్లెస్ ఇయాగోగా నటించినారు. కీన్ నాటి మహానటుడు, అప్పటికే రోగగ్రస్తుడు. మూడవ అంకంలో ఒథెల్లో తన యుద్ధజీవితానికి వీడ్కోలు పలికే ఘట్టం వద్ద ఆయన కుమారుని చేతులలోకి వాలిపోయినాడు. మరి రంగస్థలం ఎక్కలేదు. మే 15న మరణించినాడు.

ఆయన ఖాళీ చేసిన స్థానంలో అదే రంగశాలలో ఏప్రిల్ 10న ఒథెల్లోగా నిలిచినవాడు ఐరా ఆల్డ్రిడ్జ్. అతడు 1807లో న్యూయార్కులో జన్మించిన నల్లజాతి నటుడు. అంతవరకు ముఖానికి రంగు పూసికొన్న శ్వేతజాతి నటులనే ఆ వేదిక మీద చూచినవారికి, నిజమైన నల్లని చేయి డెస్డెమోనా చేతిని పట్టుకొనుట సహింపరానిదైనది. కొన్ని పత్రికలు అతని నటనను విడిచి అతని జాతిని విమర్శించినవి. రెండు ప్రదర్శనలతో అతనికి అక్కడ అవకాశం ముగిసినది. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలనను గురించి పార్లమెంటులో వాదోపవాదాలు జరుగుచున్న సంవత్సరమది. ఆగస్టులో చట్టం కూడ వచ్చినది. చట్టసభ అంగీకరించిన దానిని రంగశాలలోని మనసులు అంగీకరించలేదు. ఆల్డ్రిడ్జ్ నిరుత్సాహపడక, 1852 నుండి ఐరోపాఖండమంతా పర్యటించినాడు. తాను ఆంగ్లంలో, తోడి నటులు జర్మను, రష్యను మొదలగు తమ తమ భాషలలో సంభాషణలు పలుకగా, ప్రేక్షకులు కన్నీరు కార్చినారు. రాజులు అతనికి పతకాలిచ్చి సత్కరించినారు. 1867లో పోలండులోని ఊజ్ నగరంలో మరణించి అక్కడనే సమాధి అయినాడు.

రెండవ నగరం మన కలకత్తా. 1848 ఆగస్టులో అచ్చటి సాన్ సూసీ రంగశాలలో ఆంగ్లేయ నటీనటుల నడుమ వైష్ణవ చరణ్ ఆఢ్య అనే వంగదేశీయుడు ఒథెల్లో పాత్ర ధరించినాడు. పాలకులు పాలితులను తమ సరసన కూర్చొననివ్వని కాలమది. ఒక భారతీయుడు ఆంగ్లేయుల రంగశాలలో, ఆంగ్లేయుల మహాకవి వాక్కులతో, ఆంగ్లేయ నటిని భార్యగా సంబోధించినాడు. నగరమంతా దీనిని గురించి చెప్పుకొన్నది.

మూడవది దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్. శ్వేతజాతివారికిని ఇతరులకును నడుమ వివాహాన్ని నిషేధించిన చట్టం 1949లో వచ్చి, 1985లో రద్దయినది. వర్ణవివక్ష మాత్రం అప్పటికి తొలగలేదు. అట్టి సమయంలో, 1987లో, మార్కెట్ థియేటరులో జానెట్ సుజ్మన్ దర్శకత్వాన జాన్ కానీ అనే నల్లజాతి నటుడు ఒథెల్లోగా వేదిక ఎక్కినాడు. అతడు తెల్లని డెస్డెమోనాను ముద్దాడగా కొందరు లేచి వెళ్ళిపోయినారు. కదలక కూర్చున్నవారు తమ దేశం కథను తామే చూచుకొన్నారు. నాటకంలో ఒక్క మాట కూడ మార్చనక్కరలేకపోయినది. సుమారు 1604 నాటి మాటలు అలాగే ఉన్నవి. ఆ మాటలు పలికే మనిషిని, వినే మనిషిని ఎదురెదురుగా నిలుపుటయే చాలినది.

మన వేదికల మీద

షేక్‌స్పియర్ మన భాషలలోనికి వచ్చిన మార్గాలు రెండు. మొదటిది గ్రంథ మార్గం. 1876లో వావిలాల వాసుదేవశాస్త్రిగారి సీజరు చరిత్రము వెలువడినది. ప్లాటర్ చూచిన నాటకమే మొదటగా తెలుగువారి ఇంటికి వచ్చుట ఒక ముచ్చట. అటు పిమ్మట కందుకూరి వీరేశలింగంగారు కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ను చమత్కార రత్నావళిగా మలచినారు. గురజాడ శ్రీరామమూర్తిగారు వెనీసు వర్తకుని కథను తెలిగించినారు.

రెండవది ఆట మార్గం. అది ఉర్దూ నాటకానిది. బొంబాయి పార్సీ నాటక కంపెనీలు ఊరూర తిరిగి ఆడిన నాటకాలలో షేక్‌స్పియర్ మారువేషంలో సంచరించినాడు. మెహ్దీ హసన్ అహ్సన్ హామ్లెట్‌ను ఖూన్-ఏ-నాహక్ అన్నాడు. ఆగా హష్ర్ కాశ్మీరీ కింగ్ లియర్‌ను సఫేద్ ఖూన్‌గా చేసినాడు. సొహ్రాబ్ మోదీ 1935లో ఆ హామ్లెట్‌నే ఖూన్ కా ఖూన్ అనే చలనచిత్రంగా తీసినాడు. పాటలు, గజళ్ళు, హాస్యపు ఉపకథలు చేర్చుట, విషాదాంతాలను సుఖాంతాలుగా మార్చుట ఆ కంపెనీలకు పరిపాటి. దీనిని తలచి పండితులు నవ్వవచ్చును. కాని ఇంగ్లండులోనే నేహమ్ టేట్ 1681లో లియర్ కథను సుఖాంతం చేయగా, 1838లో మాక్రెడీ అనే నటుడు అసలు నాటకాన్ని తిరిగి నిలబెట్టువరకు ఆంగ్ల ప్రేక్షకులు ఎక్కువగా చూచినది ఆ సుఖాంతమే. కూతురి శవాన్ని మోసుకొని వచ్చే తండ్రిని చూచుటకు వారికి గుండె చాలలేదు. మరి మనవాళ్ళను మాత్రం తప్పు పట్టుట ఎట్లు?

స్వాతంత్ర్యానంతరం జెఫ్రీ కెండాల్ అనే ఆంగ్లేయుడు తన భార్యతో, కుమార్తెలతో, కొద్దిమంది నటులతో షేక్‌స్పియరానా అనే సమాజాన్ని నడుపుచు మన దేశమంతా తిరిగినాడు. సంస్థానాధీశుల భవనాలలో ఆడినాడు. అంతకంటె ఎక్కువగా పాఠశాలలలో, కళాశాలలలో ఆడినాడు. నాలుగు పెట్టెల సామానుతో రైలు దిగి, సాయంత్రానికి ఒక పాఠశాల మందిరంలో వెనీసు నగరాన్ని నిలబెట్టేవారు. తదనంతరకాలంలో ప్రసిద్ధులైన ఉత్పల్ దత్, శశి కపూర్ ఆ సమాజంలో నటించినవారే. 1965లో వచ్చిన షేక్‌స్పియర్ వాలా చలనచిత్రానికి ఆ సమాజపు జీవితమే ప్రేరణ.

భాష తెలియకున్నను

మా విద్యార్థులకు ఆ ఆంగ్లం అర్థం కాదు కదా, చూచి ఏమి ప్రయోజనమని కొందరు పెద్దలు ప్రశ్నించవచ్చును. దీనికి రెండు సమాధానాలు గలవు.

మొదటిది లండను నుండి. 2012లో గ్లోబ్ రంగశాలలో 37 నాటకాలను 37 భాషలలో ఆడినారు. పాకిస్తాను నుండి వచ్చిన బృందం ఉర్దూలో టేమింగ్ ఆఫ్ ది ష్రూ ఆడినది. ముంబయి బృందాలు హిందీలో ట్వెల్ఫ్‌త్ నైట్‌ను, గుజరాతీలో ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్‌ను ఆడినవి. మాట మాటకు అనువాదం చూపలేదు. ఏ దృశ్యంలో ఏమి జరుగునో సంగ్రహంగా తెలిపినారు, అంతే. ప్రేక్షకులు నవ్వవలసిన చోట నవ్వినారు. అంతకు ముందు 1999లో అదే వేదిక మీద కేరళ కథకళి నటులు కింగ్ లియర్ కథను ముద్రలతో, కన్నులతో చెప్పినారు. ఆ 37 భాషలలో తెలుగు లేదన్నది మనం గుర్తుంచుకోవలసిన మాట.

రెండవ సమాధానం మన పల్లెల నుండి. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కొరకు తెల్లవారుజాము వరకు మేలుకొని కూర్చున్న రైతులు ఎందరో. జాషువాగారి పద్యాలలోని ప్రతి సమాసానికి వారికి అర్థం తెలుసునా? తెలియదు. ఐనను వన్స్ మోర్ అని కేకలు వేసి మరల పాడించుకొన్నారు. కన్నబిడ్డ శవానికి కాటిసుంకం అడిగే తండ్రిని చూచి కళ్ళు తుడుచుకొన్నవారికి, కార్డీలియాను చేతుల మీద మోసుకొని వచ్చే లియర్‌ను వేరుగా ఎవరు వివరించవలెను? పద్యాన్ని రంగస్థలం మీద విని ఆనందించుట తెలిసిన జాతికి షేక్‌స్పియర్ పరాయివాడు కాడు. ఆయనను పరాయివానిగా చేసినది పుస్తకం ప్రక్కన మనం వ్రాసుకొన్న నోట్సు.

ఒక త్రాసు, ఒక తలుపు

ఇక నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు వార్షికోత్సవంలో వెనీసు వర్తకుడు నాటకంలోని న్యాయస్థాన ఘట్టం ఆడినాము. తరగతిలో ఆ నాటకం చదివి, షైలాక్ అంటే క్రూరుడు, లోభి, ప్రతీకారపరాయణుడు అని మూడు విశేషణాలు నేర్చుకొన్నాము. నాకు దొరికినది మాటలు లేని సభాసదుని వేషం. రసాయన ప్రయోగశాల నుండి త్రాసు తెచ్చినారు. షైలాక్‌గా వేసిన మిత్రుడు తన తండ్రిగారి పాత నల్ల షేర్వాణీ తొడుగుకొన్నాడు.

వేదిక ప్రక్కన ఉన్న తలుపుకు ఆ పూట తాళం పడి ఉన్నది. తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో తెలియలేదు. అందుచేత నిష్క్రమించే ప్రతి పాత్రయు వేదిక దిగి, ప్రేక్షకుల నడుమ నుండి మందిరం చివర ఉన్న పెద్ద తలుపు వరకు నడువవలసి వచ్చినది. ఇది పెద్ద లోపమని మేమంతా సిగ్గుపడినాము.

తీర్పు మారి షైలాక్ ఓడిపోగానే మందిరం చప్పట్లతో మారుమ్రోగినది. గ్రాషియానో ఎత్తిపొడిచిన ప్రతిసారి ఈలలు. అతని ఆస్తి పోయినది. మతం కూడ విడువవలెనని తీర్పు వచ్చినది. షైలాక్ సమ్మతించి, ఒంట్లో బాగుగా లేదు, వెళ్ళుటకు సెలవిమ్మని వేడుకొన్నాడు. గ్రంథంలో ఆ తరువాత ఉన్నది నిష్క్రమణం అన్న ఒక్క మాట. మా మిత్రుడు వేదిక దిగి నడువసాగినాడు. తలుపు చాలా దూరం. ఈలలు మొదట ముందు వరుసలలో ఆగినవి. అతడు నడుచుకొద్ది వెనుక వరుసలలోను ఆగినవి. చివరకు అతని బూట్ల చప్పుడు మాత్రమే వినిపించినది. అప్పటివరకు నవ్విన నాలుగు వందల మందిమి ఒక మనిషి అంతా పోగొట్టుకొని ఒంటరిగా ఇంటికి పోవుటను చూచినాము. వేదిక మీద న్యాయస్థానం వారంతా క్రిస్టియనులు. ఆ మందిరంలో ఒక్కడే యూదుడు. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివే మాకు ఆ ఒంటరితనాన్ని ఎవరూ వివరించనక్కరలేకపోయినది.

కొన్ని ఏండ్ల తరువాత హెన్రీ ఇర్వింగ్ అనే ఆంగ్ల నటుని గురించి చదివినాను. 1879లో ఆయన షైలాక్ వేషం వేసినప్పుడు, కూతురు ఇల్లు విడిచి పారిపోయిన రాత్రి, ఆ సంగతి తెలియని తండ్రి తిరిగి వచ్చి, ఖాళీ ఇంటి తలుపు తట్టుటతో తెర దించేవాడట. కవి వ్రాయని ఆ ఘట్టంలో ఒక్క మాట లేదు. తలుపు ఉన్నది. మాకు తాళం పడిన తలుపు యాదృచ్ఛికంగా చెప్పిన పాఠాన్నే ఆయన తెలిసి చెప్పినాడు.

షైలాక్ నిర్దోషి అని నేననుట లేదు. త్రాసు ప్రక్కన కత్తి నూరినవాడు అతడే. కాని మరునాడు తరగతిలో షైలాక్ పాత్రను గురించి వ్రాయమన్నప్పుడు, ఆ మూడు విశేషణాల వద్ద కలం ఆగిపోయినది. అవి అబద్ధమని కాదు. అవి చాలవని తెలిసినందువలన.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. వార్షికోత్సవంలో ప్రతి సంవత్సరం షేక్‌స్పియర్ నాటకం నుండి ఒక్క ఘట్టం ఆడించండి. అదే ఘట్టం ఆంగ్లంలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఆడించగలిగినచో మరింత మేలు. మూడు భాషల విద్యార్థులు ఒకరి నాటకం ఒకరు చూస్తారు. దీనికి తెరలు అక్కరలేదు, దీపాలు అక్కరలేదు; గ్లోబ్ రంగశాలకే అవి లేవు. మధ్యాహ్నపు వెలుతురు, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక త్రాసు చాలును. విద్యార్థి మిత్రులారా, మీరు పుస్తకంలో గీత గీసిన పంక్తులను ఒక్కసారి లేచి నిలువబడి, ఎదుటివాని కన్నులలోనికి చూచి పలికి చూడండి. ఆ తరువాత పుస్తకాన్ని సగం ధరకు అమ్ముటకు మీకు మనసొప్పదు.